టిన్‌వాల్డ్ గుట్ట దగ్గర అర్జీ పెట్టాను: ముందూ వెనకా జరిగింది ఇదీ

బ్రిటన్, ఐర్లండుల మధ్య సముద్రంలో ఉన్న చిన్న దీవి ఐల్ ఆఫ్ మ్యాన్. ఇక్కడి పార్లమెంటు పేరు టిన్‌వాల్డ్. ఏటా జులైలో వచ్చే టిన్‌వాల్డ్ రోజున ఎవరైనా సరే సెయింట్ జాన్స్ అనే ఊరు వెళ్ళి ఆ పార్లమెంటుకే నేరుగా అర్జీ ఇచ్చుకోవచ్చు. ఇక్కడ ఉద్యోగాలు చేసుకుంటున్న మనవాళ్ళలో కొందరికి ఈ సంగతి తెలుసు. కానీ ఇచ్చాక ఏమవుతుందని అడిగితే చెప్పగలిగినవాళ్ళు నాకు దొరకలేదు. 2024లో నేను ఇచ్చాను. ఎక్కడ ఎంత ఆగాల్సి వచ్చిందో, ఏం ఖర్చయిందో, ఇప్పటికి ఏం తేలిందో వరసగా రాస్తున్నాను.

గొడవంతా 2023 నవంబరులో మా ఆవిడ మెడ నొప్పితో మొదలైంది. చెయ్యి తిమ్మిరెక్కి గ్లాసు కూడా పట్టుకోలేకపోయేది. స్కాన్ ఇక్కడే తీశారు, డిస్క్ జారిందన్నారు. ఆపరేషన్ మాత్రం లివర్‌పూల్‌లోనే చేయించుకోవాలి. 2021 లెక్కల ప్రకారం ఈ దీవి జనాభా 84,069. అంత చిన్న చోట ప్రతి జబ్బుకీ స్పెషలిస్టు ఉండడని మాకూ తెలుసు. పేషెంటుకి విమానం టికెట్ ఇక్కడి ప్రభుత్వమే ఇస్తుంది. తోడు వెళ్ళేవాళ్ళ ఖర్చు కావాలంటే మాత్రం తోడు తప్పనిసరని డాక్టరు రాయాలి. మా కాగితం మీద ‘ఒంటరిగా ప్రయాణం చేయగలరు’ అన్న చోట టిక్ ఉంది. నడవగలదు కాబట్టి అది అబద్ధం కాదు. కానీ బ్యాగు ఎత్తలేని మనిషి, మత్తు దిగని మనిషి, రేపటి ఆపరేషన్ తలుచుకుని రాత్రంతా నిద్రపోని మనిషి ఒక్కతే విమానం ఎక్కడం ఎలా ఉంటుందో చెప్పడానికి ఆ ఫారంలో గడి లేదు.

అందుకని ప్రతిసారీ నా టికెట్ నేనే కొనుక్కుని వెంట వెళ్ళాను. ఆస్పత్రి తేదీ ఆలస్యంగా తెలుస్తుంది, అప్పటికి టికెట్ ధర పెరిగిపోయి ఉంటుంది. రానూపోనూ 100 నుంచి 160 పౌండ్ల దాకా పెట్టాను. విమానం గాల్లో ఉండేది ముప్పావుగంట కూడా కాదు. అసలు దెబ్బ పొగమంచు కొట్టింది. మనన్నాన్ అనే సముద్ర దేవుడు శత్రువులకు కనపడకుండా తన దుప్పటితో దీవిని కప్పేస్తాడని ఇక్కడివాళ్ళు సరదాగా చెప్పుకుంటారు. జనవరిలో ఆపరేషన్ అయ్యాక తిరిగి వచ్చే రోజున ఆ దుప్పటి కప్పాడు. దీవిలోని రొనాల్డ్స్‌వే ఎయిర్‌పోర్టులో విమానం దిగే వీలు లేదని లివర్‌పూల్‌లోనే ఆపేశారు. మెడకు పట్టీ కట్టుకున్న మనిషిని ఎయిర్‌పోర్టు కుర్చీలో కూర్చోబెట్టి రూము కోసం వెతికాను. ఆ రాత్రికి 90 పౌండ్లు. ఇంకో చిన్న సంగతి: జేబులో ఉన్న మ్యాంక్స్ నోట్లు, అంటే ఈ దీవి సొంత పౌండ్ నోట్లు, అక్కడి షాపులో తీసుకోలేదు. విలువ సమానమే, కానీ ఇంగ్లండులో ఆ నోటు తీసుకోవాలన్న నియమం లేదు. లివర్‌పూల్ వెళ్ళేటప్పుడు కార్డు పెట్టుకోండి, లేదా ముందే నోట్లు మార్చుకోండి.

ఫిబ్రవరిలో రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాను. మార్చి నెలాఖరుకి జవాబు వచ్చింది: చాలా మర్యాదగా ఉంది, నిబంధన ప్రకారమే జరిగిందని ఉంది. సరిగ్గా ఆ ఏప్రిల్ నుంచే పై శ్లాబు ఆదాయపు పన్నుని 20 శాతం నుంచి 22కి పెంచారు, ఆ డబ్బు ఆరోగ్య సేవల కోసమే అన్నారు. నా జీతం ఆ శ్లాబులోకి కాస్త వెళ్తుంది. జీతం స్లిప్పు, ఆ జవాబు ఒకే వారంలో చూశాను. కోపం అప్పుడే ముదిరింది.

ఆ తర్వాత మా ఎంహెచ్‌కేని, అంటే జనం ఎన్నుకునే సభ అయిన హౌస్ ఆఫ్ కీస్‌లో మా ప్రాంతపు సభ్యుణ్ణి, కలిశాను. హౌస్ ఆఫ్ కీస్ సభ్యులు మొత్తం 24 మంది, 12 నియోజకవర్గాలకు ఇద్దరేసి. అంటే సగటున ఏడు వేల మందికి ఇద్దరు. ఫోన్ చేస్తే వాళ్ళే ఎత్తుతారు. నేను చేయడానికి ముందే సూపర్ మార్కెట్ క్యూలో ఎదురుపడితే అక్కడే విషయం చెప్పాను. పాల డబ్బా పట్టుకుని చివరిదాకా విన్నారు. మంత్రి స్థాయికి దగ్గరగా ఉన్న మనిషి అంత తీరిగ్గా వింటే మన పని అయిపోయిందనే అనిపిస్తుంది. వారం తర్వాత కలిసినప్పుడు అసలు సంగతి చెప్పారు. తాను ఒక శాఖలో పని చూస్తున్నారు, ప్రభుత్వం నిర్ణయించిన దాని మీద లేచి మాట్లాడటం కుదరదు, శాఖ లోపల అడిగి చూస్తారట. ఇక్కడ పార్టీల జోరు తక్కువ, సభ్యుల్లో ఎక్కువమంది స్వతంత్రులే. అయినా వాళ్ళలో చాలామందికి ఏదో ఒక శాఖలో బాధ్యత ఉంటుంది. తలుపు తట్టడం ఎంత తేలికో, లోపలి మనిషి చేతులు కట్టేసి ఉండటం అంత మామూలు. అర్జీ పెట్టమన్న సలహా ఇచ్చింది కూడా ఆయనే. తాను చేయలేని పనిని నా మీదికి తోశారా, లేక నిజంగానే దారి చూపించారా అన్నది ఇప్పటికీ నాకు తేలలేదు.

మే మొదటి వారంలో టిన్‌వాల్డ్ క్లర్క్ ఆఫీసుకి మెయిల్ పెట్టాను. డగ్లస్‌లో పార్లమెంటు భవనంలోనే ఆ ఆఫీసు ఉంది. తెల్లగా అంతస్తులు అంతస్తులుగా ఉంటుందని ఆ భవనాన్ని జనం పెళ్ళి కేకు అంటారు. రెండు రోజుల్లోనే జవాబు వచ్చింది. అర్జీకి ఫీజు లేదు. లాయరు అక్కర్లేదు. సంతకాల సేకరణ కూడా అక్కర్లేదు, ఒక్కరి సంతకం చాలు. విషయం మాత్రం నా ఒక్కడి గొడవగా కాకుండా అందరికీ సంబంధించినదై ఉండాలి, ముందు వేరే దారులు ప్రయత్నించి ఉండాలి. ఫిర్యాదు, దాని జవాబు దాచి ఉంచాను కాబట్టి అవి పనికొచ్చాయి.

నేను రాసిన మొదటి ప్రతి మూడు పేజీలు. ఎయిర్‌పోర్టు కుర్చీ, మెడ పట్టీ, నోటు తీసుకోని షాపువాడు, అన్నీ పెట్టాను. ఆఫీసులో ఒకావిడ చదివి, ఫోన్లో నిదానంగా చెప్పారు: ఇందులో ఏది మార్చమని అడుగుతున్నారు, ఎవరికోసం అడుగుతున్నారు, ఆ రెండూ మిగిలితే చాలు. ఏం అడగాలో వాళ్ళు చెప్పరు, ఎలా అడగాలో మాత్రం చూపిస్తారు. ఒక్కో వాక్యం కొట్టేస్తుంటే కష్టంగా అనిపించింది. ఆ చలికాలం మా ఇంట్లో గడిచిన తీరంతా చివరికి ‘శస్త్రచికిత్స అనంతరం ప్రయాణించు రోగులు’ అన్న నాలుగు మాటల్లోకి కుదించుకుపోయింది. కుదించాక చదివితే, నా గోడు కంటే అదే గట్టిగా ఉందని ఒప్పుకోవాల్సి వచ్చింది. అర్జీ నడక కూడా పాతకాలపుదే. టిన్‌వాల్డ్ కోర్టు గౌరవ సభ్యులకు వినయంగా విన్నవించుకునేది ఏమనగా అని మొదలై, కావున అర్జీదారు కోరేది అని ముగుస్తుంది. (టిన్‌వాల్డ్ కోర్టు అంటే న్యాయస్థానం కాదు, పార్లమెంటే.) మా తాత తహసీల్దారుకి రాసిన కాగితాలు ఇలాగే ఉండేవి.

మే నెలాఖరు నుంచి జూన్ రెండో వారం దాకా ఏ పనీ పెట్టుకోకండి. అది టీటీ బైకు రేసుల సమయం. మామూలు రోడ్లే రేసు ట్రాకు, 37 మైళ్ళ పైన చుట్టు. గంటల తరబడి రోడ్లు మూసేస్తారు. నేను కలవాల్సిన వాళ్ళు రేసుల హడావిడిలో ఉన్నారు, లేదా ఈ సందడి తప్పించుకోవడానికి దీవి వదిలి వెళ్ళారు.

ఈలోపు ఇంట్లో వేరే టెన్షన్. అర్జీలో పేరు ఉంటుంది, అర్జీని బయట అందరూ చదివేలా పెడతారు.

“మీ పేరే పెట్టండి. నా మెడ సంగతి ఊరందరికీ ఎందుకు?” అంది మా ఆవిడ.

“నీ పేరు ఎక్కడా లేదు. రోగులు అని రాశాను, అంతే.”

“ఇక్కడ అంతే అంటే సరిపోతుందా? ఆఫీసులో మీరు ఎవరి మొగుడో అందరికీ తెలుసు.”

అదీ నిజమే. ఇంత చిన్న చోట పేరు రాయకపోయినా పేరు రాసినట్టే. దానికి తోడు స్నేహితుడొకడు భయపెట్టాడు: “వీసా మీద ఉన్నావు. ప్రభుత్వం మీద అర్జీ ఏంటి అన్నా?” నవ్వేశాను గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు క్లర్క్ ఆఫీసుకే ఫోన్ చేసి అడిగాను. ఇది ఎవరికైనా ఉన్న హక్కు, ఏ దేశం పాస్‌పోర్టు అన్నది ఎవరూ అడగరని చెప్పారు. చెప్పిన గొంతులో కాస్త ఆశ్చర్యం కూడా ఉంది. మా ఆఫీసులో మేనేజరుకి ముందే చెప్పేశాను. ఆయన ‘వాన పడితే గొడుగు తీసుకెళ్ళు’ అని ఊరుకున్నారు.

2024లో టిన్‌వాల్డ్ రోజు జులై 5, శుక్రవారం. ముందు రోజే పక్కన బ్రిటన్‌లో ఎన్నికలు జరిగాయి. నేను తెల్లవారి ఇస్త్రీ చొక్కా వేసుకుంటుంటే టీవీలో లండన్‌లో ప్రభుత్వం మారిపోతోంది. ఈ దీవి యునైటెడ్ కింగ్‌డమ్‌లో భాగం కాదు, అక్కడి పార్లమెంటులో ఒక్క సీటూ లేదు. రక్షణ, విదేశీ వ్యవహారాలు వాళ్ళు చూస్తారు. పన్నులు, చట్టాలు, ఆస్పత్రులు ఇక్కడివాళ్ళే చూసుకుంటారు. బస్సులో జనం ఆ ఫలితాల గురించి పక్కింటివాళ్ళ పెళ్ళి గురించి మాట్లాడుకున్నట్టు మాట్లాడుకున్నారు. అందరికీ ఆసక్తి ఉంది, ఎవరికీ ఓటు లేదు.

ఆ రోజు సెలవు. కారులో వెళ్తే పార్కింగు దొరకడం కష్టం, బస్సే నయం. ఉదయం చర్చిలో ప్రార్థన అవుతుంది, తర్వాత అక్కడి నుంచి గుట్ట దాకా ఊరేగింపు. దారి పొడవునా తుంగ గడ్డి పరిచారు, అది మనన్నాన్‌కి కట్టే కప్పమట. పెద్దవాళ్ళందరి కోటు మీదా ఒక ఆకు రెమ్మ గుచ్చి ఉంది. దాన్ని బొల్లన్ బేన్ అంటారు. దగ్గరికెళ్ళి చూసి, వాసన చూసి, మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని లాగింది: “ఏవండీ, ఇది మాచిపత్రి!” వినాయకుడి పూజలో వాడే పత్రే. పక్కన నిలబడ్డ పెద్దావిడ తన దగ్గరున్న రెమ్మల్లో ఒకటి తీసి మా ఆవిడకి ఇచ్చారు.

గుట్ట అంటే పెద్దది ఊహించుకోకండి. పన్నెండు అడుగుల ఎత్తు, నాలుగు మెట్లుగా గడ్డి దిబ్బ. దీవిలోని 17 పారిష్‌ల మట్టీ తెచ్చి కట్టారని చెప్పుకుంటారు. పైన రాజు ప్రతినిధి అయిన లెఫ్టినెంట్ గవర్నరు, ఆయన కింద అంచెలంచెలుగా సభ్యులూ అధికారులూ. ఎవరూ గొడవ చేయకూడదని, పేరు పిలిస్తే పలకాలని ముందుగా చాటారు. తర్వాత ఆ ఏడాది చేసిన చట్టాల సారాంశం ఇంగ్లీషులోనూ, ఈ దీవి సొంత భాష మ్యాంక్స్‌లోనూ చదివారు. ఇది లాంఛనం మాత్రమే కాదు. రాజముద్ర పడిన 18 నెలల్లోగా ఈ గుట్ట మీద చదవకపోతే చట్టం చెల్లకుండా పోతుంది. నాకు బాగా నచ్చింది అదే. చేసిన చట్టాన్ని ఏడాదికోసారైనా ఆరుబయట, జనం ముఖం చూస్తూ చెప్పాలి.

అర్జీలవాళ్ళం ఒక పక్కన నిలబడ్డాం. ముందుగా వచ్చి కనపడమన్నారు కాబట్టి చాలాసేపే నిలబడాలి, మంచి బూట్లు వేసుకోండి. జులైలో కూడా అక్కడి గాలి స్వెట్టర్ అడుగుతుంది. నా ముందున్న పెద్దాయన ఇంతకుముందు కూడా ఇచ్చారట. “ఇవ్వడం తేలికే, బాబూ. అసలు పని అక్టోబరులో మొదలవుతుంది,” అన్నారు. ఎందుకలా అన్నారో అడిగేలోపే ఆయన వంతు వచ్చింది.

నా వంతులో ఒంటరిగా గడ్డి మీద నడిచి గుట్ట కిందకి వెళ్ళాను. ప్రసంగం లేదు. ఎవరూ ఏమీ అడగరు. కాగితం అందించాను, క్లర్క్ తీసుకుని తల వంచారు, నేనూ వంచాను. నిమిషం కూడా పట్టలేదు. పైన ప్రభుత్వం మొత్తం వరసగా కూర్చుని నన్ను చూస్తోంది. వాళ్ళలో సూపర్ మార్కెట్‌లో పాల డబ్బా పట్టుకున్న మనిషీ ఉన్నారు. కాళ్ళు వణికాయి. అయినా తిరిగి వచ్చేటప్పుడు ఒళ్ళు తేలికైనట్టుంది. మా ఆవిడ ఫోటో తీసింది గానీ మధ్యలో గార్డు టోపీ అడ్డొచ్చింది.

తర్వాతి నెలల గురించి ఎవరూ ముందుగా చెప్పరు. జులైలోనే మరో సమావేశం జరిగినా, ఆపైన సభకు వేసవి సెలవు. ఆగస్టు, సెప్టెంబరు నిశ్శబ్దం. అక్టోబరులో ఉత్తరం వచ్చింది: అర్జీని కమిటీ చూసింది, నిబంధనల ప్రకారమే ఉంది. ఎగిరి గంతేశాను. ఉత్తరం రెండోసారి చదివాక అర్థమైంది. నిబంధనల ప్రకారం ఉందంటే చర్చకు పెట్టారని కాదు. టిన్‌వాల్డ్ సభ్యుల్లో ఎవరో ఒకరు ముందుకొచ్చి, దీన్ని చేపట్టమని అడగాలి. అలా ఎవరూ అడగకపోతే అర్జీ చక్కగా జాబితాలో ఉంటుంది, అంతే. గడ్డి మీద ఆ పెద్దాయన చెప్పింది ఇదే.

అక్కణ్ణించి నా పని సభ్యులకు ఉత్తరాలు రాయడం. ఏ శాఖ బాధ్యతా లేనివాళ్ళు ఎవరో చూసి వాళ్ళకే రాయండి, లేకపోతే మర్యాదపూర్వకమైన జవాబులు పోగవుతాయి. ఇంకో మాట: కీస్ సభ్యులే కాదు, ఎగువ సభ అయిన లెజిస్లేటివ్ కౌన్సిల్‌లో ఉన్నవాళ్ళు కూడా టిన్‌వాల్డ్ సభ్యులే. జనం అటువైపు వెళ్ళరు కాబట్టి వాళ్ళకు ఉత్తరాలు తక్కువ. నాకు నిజంగా పని జరిగింది అక్కడే. 2025 జనవరిలో కౌన్సిల్ సభ్యురాలొకరు పిలిచి గంటసేపు కూర్చోబెట్టి విన్నారు, ఫారం కాపీ తీసుకున్నారు. ‘చర్చకు పెడితే ఓడిపోతాం, ఓడిపోతే తలుపు మూసుకుంటుంది. ముందు సమాచారం తెప్పిద్దాం,’ అన్నారు. ఆ లెక్క నాకు నచ్చలేదు, కానీ ఆ సభలో తిరిగేది ఆవిడ, నేను కాదు. వసంతంలో శాఖ నుంచి ఆవిడకు జవాబు వచ్చింది. తోడు విషయం సమీక్షలో ఉందట. ఎప్పటికి తేలుతుందో అందులో లేదు.

ఈ ఉత్తరాల మధ్యలో ఒక ఉపయోగం మాత్రం దొరికింది. తోడు కావాలా వద్దా అన్నది టికెట్లు బుక్ చేసేవాళ్ళు కాక, పంపే డాక్టరే నిర్ణయిస్తారని ఆ కాగితాలు చదివాకే మాకు స్పష్టమైంది. తర్వాతి చెకప్ ముందు మా ఆవిడ డాక్టరు దగ్గర, తాను బ్యాగు ఎత్తలేనని, తలుపు తోయలేనని, ఒక్కొక్కటీ పేరు పెట్టి చెప్పింది. ఆయన అప్పటికప్పుడు రాసిచ్చారు. నా టికెట్ వచ్చింది. లివర్‌పూల్ వెళ్ళాల్సిన మనవాళ్ళు ఎవరైనా ఉంటే, రిఫరల్ రాసే రోజే ఈ మాట ఎత్తండి. తేదీ వచ్చాక అడిగితే ఆలస్యం. ఉత్త చెకప్ అయితే ఫోన్లో చూస్తారా అని కూడా అడగండి, మాకు ఒకసారి అలా సరిపోయింది.

అర్జీకి అయిన ఖర్చు ప్రింటు కాగితాలు, బస్సు టికెట్లు, సగం రోజు సెలవు. దానికి పోయిన సాయంత్రాల లెక్క వేరే.

అర్జీ ఇంకా జాబితాలోనే ఉంది. నేను ఓటరుగా పేరు రాయించుకున్నాను. పదహారేళ్ళు నిండి, ఏడాదిగా ఇక్కడే ఉంటే చాలు, పౌరసత్వం అడగలేదు. హౌస్ ఆఫ్ కీస్ ఎన్నికలు 2026 సెప్టెంబరు 24న. అభ్యర్థులు ఇక్కడ ఇంటింటికీ వచ్చి తలుపు కొడతారు. మా గుమ్మంలోకి వచ్చిన ప్రతి ఒక్కరినీ అడగడానికి ప్రశ్న రాసి పెట్టుకున్నాం: గెలిచాక శాఖలో పదవి ఇస్తామంటే తీసుకుంటారా, తీసుకుంటే మా అర్జీ ఎవరు ఎత్తాలి?